చావు మరిచిన కణాలు

మా జువాలజీ మేడం పోయిన్రని కోరుట్ల నుంచి వాళ్ళ చెల్లె ఫోన్ చేసి చెప్పింది. గొంతుల ఏడుపు లేదు, అలసట ఉంది.

"తెల్లారంగ పోయింది బిడ్డా. కండ్లు ఇస్తనని ఎన్నడో మాటిచ్చింది గదా, వాళ్ళకు ఫోన్ చేసిన. రక్తం క్యాన్సర్ అని చెప్పంగనే, ఆ కండ్లు మాకు పనికిరావన్నరు. గదొక్కటే అడిగింది అక్క. గది సుత కాలేదు."

జగిత్యాల జూనియర్ కాలేజీల ఆమె దగ్గర చదువుకున్నోళ్ళకు ఆమె అంటె ప్రేమకంటె ముందు భయమే యాదికొస్తది. నేను సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్ల ఉన్నదాన్ని. బట్టనేసే సాంచల చప్పుడుల పెరిగిన గొంతు, మెల్లగ మాట్లాడుడు రాకపోయేది. "ఇది మీ సాంచల కార్ఖాన కాదు, అరువకు" అని మొదటి రోజే క్లాసుల నిలబెట్టిన్రు. తప్పు జవాబు చెప్తె జడ పట్టుకొని లేపేటోళ్ళు. ఇప్పుడు యాది చేసుకుంటె నవ్వు రాదు. నిజంగనే నొప్పి పుట్టేది.

ఒకనాడు ప్రాక్టికల్స్‌ల కప్పను కోసి, గుండెను బయటికి తీసి ఉప్పునీళ్ళ గిన్నెల ఏసిన్రు. అది కొట్టుకుంటనే ఉంది. నా పక్క పిల్ల ఏడ్సుడు మొదలుపెట్టింది.

"ఏడ్సుడు తర్వాత. ముందుగాల చూడు," అన్నరు మేడం. "మెదడు లేదు, ఒళ్ళు లేదు. అయినా దాని పని అది చేస్కుంటుంది. ఎవ్వల ఆర్డరు కోసమూ ఆగుతలేదు. అందుకే మీరు నిద్రపోయినా సస్తలేరు."

తర్వాత నేను కంప్యూటర్ల దిక్కు పోయిన. హైదరాబాద్‌ల ఒక కంపెనీల దవాఖానలకు సాఫ్ట్‌వేర్ చేసే పని. రోగుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, మందులు, బిల్లులు అన్ని ఒక్కటే పెద్ద ప్రోగ్రాం. ఒక్క దారం గుంజితె అంత కదిలేది. ఒకనాడు బిల్లుల కాడ చిక్కుపడి ఆగితె, రక్తం రిపోర్టులు సుత తెరుచుకోలే. ఆపరేషన్ బల్ల మీద ఒక మనిషిని పండవెట్టి డాక్టర్లు మా స్క్రీను దిక్కు చూస్కుంట నిలబడ్డరు. ఆ మనిషి బతికిండు గని మేము రాత్రంత ఆఫీసులనే కూసొని బాగు చేసినం. ఒకటి బాగు చేస్తె ఇంకోటి చెడిపోయేది.

ఇంటికి పోయినప్పుడు సిరిసిల్ల నుంచి బస్సెక్కి కోరుట్లల మేడం దగ్గరికి పోయిన. అప్పటికే రిటైర్ అయిన్రు. బీరకాయలు చెక్కుకుంట మా ప్రోగ్రాం తిప్పలంత ఇన్నరు.

"జబ్బుపడ్డ కణాన్ని ఒళ్ళు ఏం చేస్తది?"

"చంపుతది మేడం."

"ఇంటర్ల గిట్లనే రాసినవా? చానసార్లు అదే సస్తది. పక్కదానికి అంటియ్యకుంట, ముడుసుకొని సస్తది. దాని జాగల కొత్తది పుడ్తది. మీరేమో కుళ్ళినదానికి కట్లు కట్టుకుంట కూసున్నరు. ఒళ్ళంత ఒక్కటే కణమైతె ఒక్క గాటుకు పోతమే పిల్లా."

తిరిగొచ్చి మేము ఆ పెద్ద ప్రోగ్రాంను ముక్కలు చేసినం. దేనికదే, దేని గోడ దానికే. ప్రతి ముక్క ఉండుండి తన సంగతి తనే చూసుకోవాలె. బాగలేకపోతె ఆగిపోవాలె, దాని జాగల కొత్తది లేవాలె. బిల్లులు కూలినా రిపోర్టులు నడువాలె. చాన తిప్పలైంది గని పని చేసింది. ఇది ఎవ్వల దగ్గర నేర్చుకున్ననో ఆఫీసుల గర్వంగ చెప్పిన.

మా మేనేజర్‌కు ఆ పాఠం మస్తు నచ్చింది. కొన్ని నెలలకు మీటింగ్ పెట్టి, తెర మీద కణం బొమ్మ చూపెట్టి, "ఒంట్ల రోజూ కణాలు సస్తయి. ఒళ్ళు ఏడుస్తదా?" అన్నడు. అదే పూట మా ఆఫీసుల సగం మందిని తీసేసిండు. నా పక్కన కూసొని ఆ గోడలన్ని కట్టిన పిల్ల నిండు గర్భంతోటి ఉంది. తన సామాన్ల డబ్బా పట్టుకొని లిఫ్టుల దిగిపోయింది.

మేడంకు ఫోన్ చేసి చెప్పిన.

"కణానికి ఇల్లుంటదా?" అన్నరు. "రేపు పొద్దున ఎటు పోవాల్నో తెలువక కణం కూసుంటదా? వాన్ని నా క్లాసుకు తోలు. జడ లేదు గని చెవులు ఉంటయి గదా."

ఏడాది తిరుగకముందే ఆమెకు రక్తం క్యాన్సర్ అని తేలింది. కరీంనగర్ దవాఖానల చూసిననాడు నెత్తి మీద వెంట్రుక లేదు, నోరంత పుండ్లు. నీళ్ళు మింగుడే కష్టంగ ఉంది. మాట మాత్రం తగ్గలే.

"నీ ప్రోగ్రాంలు నా మాట ఇన్నయి. నా రక్తం ఇంటలేదు. ఈ కణాలు సచ్చుడు మరిచినయే. బతుకుడొక్కటే తెలుసు వీటికి. బతికి బతికి నన్ను తింటున్నయి."

"తక్కువైతది మేడం," అన్న.

"పరీక్షల గిట్ల రాస్తె సున్న ఏస్త," అన్నరు. అట్లనే నా చెయ్యి పట్టుకొని, నర్సు వచ్చి పొమ్మన్నదాక ఇడువలే. నేను ఇయ్యాల చేసే పనిల ఆమె చెప్పని ముక్క లేదు. ఆ మాట ఆ రోజు చెప్పబోతె, నోరు నొస్తుంది, నవ్వియ్యకన్నరు.

ధర్మపురిల గోదారి ఒడ్డుకు వాళ్ళ చెల్లెతోటి నేనూ పోయిన. అయ్యగారు చెప్పినట్టు చెల్లె మోకాలిలోతు నీళ్ళల్ల దిగి బూడిద, అస్తికలు వదిలింది. కొంచెం తేలింది, కొంచెం మునిగింది. ఎటునుంచి వచ్చినయో, ఏలెడంత చేపలు గుంపుగ వచ్చి ఆ తెల్లటి ముక్కల చుట్టూ మూగినయి. ఒకదాన్ని ఒకటి నెట్టుకుంట పొడుస్తున్నయి.

"ఏం తింటున్నయే అవి?" అని అడిగింది చెల్లె.

ఆమె అట్లనే వంగి చూస్తుంది. నీళ్ళు తేటగున్నయి, అంత కనపడుతుంది.