సామ్యేలుకు మాట తెచ్చిన ఆదివారాలు

నిన్న పొద్దున పులివెందులలో నా షాపులో ఒక ప్రింటర్ విప్పి కూర్చున్నాను. సామ్యేలు భార్య కమల ఫోన్ చేసింది.

"అన్నా, ఆయన పోయినాడన్నా."

ఎవరు అని అడిగాను. అడిగాక నా మీద నాకే సిగ్గేసింది. కమల "ఆయన" అంటే ఇంకెవరు?

జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాక చూసుకున్నాను, స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది.

సామ్యేలు నా డిగ్రీ క్లాస్‌మేట్. ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్స్ లెక్చరర్. వాళ్లది జమ్మలమడుగులో టీచర్ల కుటుంబం, మాది సింహాద్రిపురం దగ్గర సేద్యం ఇల్లు. హాస్టల్లో మొదటి రోజే నన్ను "మామా" అన్నాడు. నేను "అల్లుడా" అన్నాను. అంతే, ఇరవై ఏళ్లు అవే పిలుపులు.

వాడికి లిస్ప్ అంటే పిచ్చి. అదొక పాత ప్రోగ్రామింగ్ భాష, రాసేదంతా బ్రాకెట్లలోనే. నాకు తెలిసి మా చుట్టుపక్కల దాన్ని వాడేది వాడొక్కడే. నాది సి భాష.

"ఆ బ్రాకెట్లు లెక్కపెట్టేదానికే నీ వయసంతా సరిపోతాది" అని ఎగతాళి చేస్తే నవ్వేవాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినపడేది.

రెండేళ్ల కిందట గొంతు కాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు.

మనిషి దక్కాడు. గొంతు పోయింది.

ఫోన్లో టైప్ చేస్తే చదివి వినిపించే యాప్ ఒకటి పెట్టిచ్చాను. రెండు రోజులు వాడి, కాగితం మీద రాసి నా ముందుకు తోశాడు.

"ఇది నా మాట గాదు మామా. ఇంట్లో అన్నం అడిగినా వార్తలు సదువుతాండట్టుంది."

ఇంకో చిక్కు కూడా ఉంది. వాడు టైప్ చేసేలోపు ఎదుటి మనిషి వేరే మాటలోకి వెళ్లిపోయేవాడు.

అప్పుడు వాడికొక ఆలోచన వచ్చింది. రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, లిస్ప్ దాన్ని మన కడప మాటలో పూర్తి వాక్యంగా మార్చాలి. పలికే పని మాత్రం సి భాషలో ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌ది, లైబ్రరీ అంటారు. లిస్ప్ నుంచి అందులోని ఫంక్షన్లను, అంటే ఒక్కో పని చేసే కోడ్ ముక్కలను, పిలవాలి. రెండింటికీ మధ్య వంతెనగా చిన్న సి కోడ్ కావాలి.

అది నా వాటా.

ప్రతి ఆదివారం, వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు జమ్మలమడుగు చేరేవాణ్ణి. నాలుగో ఆదివారం అనుకుంటా, వాడు మూడక్షరాలు కొట్టాడు. లాప్‌టాప్ గట్టిగా అడిగింది.

"మే కమలా, ఈపొద్దు ఉగ్గాని చేస్తావా?"

"చేస్తాండా, ఉండు!" అని వంటింట్లో నుంచి అరిచింది కమల.

మరుక్షణం గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాలుగు నెలల తర్వాత మొగుడు పిలిస్తే పలికింది ఆమె. అక్కడే కూలబడి ఏడ్చింది. సామ్యేలు పోయి పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడొక మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

వాడు ఆ లాప్‌టాప్‌తో మళ్లీ క్లాసుకు పోయాడు. చూద్దామని నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. చిన్న వాక్యాలు బాగానే పలికింది. పాఠం మొదలుపెట్టి పెద్ద వాక్యం ఇవ్వగానే సగంలో ఏదో గొణిగి ఆగిపోయింది. ప్రోగ్రామే మూసుకుపోయింది.

అరవై మంది పిల్లలు. ఒక్కరూ నవ్వలేదు. సామ్యేలు బోర్డు దగ్గర అట్లే నిలబడ్డాడు. నోరు కదిలింది, ఏమీ రాలేదు.

"నీ లిస్ప్‌లోనే తప్పుందప్పా" అన్నాను నేను, చూడకుండానే. మూడు వారాలు వాడు తన కోడంతా తిరగేశాడు. కాలేజీకి సెలవు పెట్టి మరీ.

తప్పు నాది.

లిస్ప్ ఒక వాక్యాన్ని కాసేపు మెమరీలో పెట్టి, అది ఎక్కడుందో సి ఫంక్షన్‌కు చెబుతుంది. ఫంక్షన్ తిరిగి రాగానే ఆ చోటు ఖాళీ చేసేస్తుంది. నా ఫంక్షన్ పలకడం మొదలుపెట్టించి వెంటనే తిరిగొచ్చేది. చిన్న వాక్యమైతే ఆ చోట్లోకి ఇంకోటి వచ్చేలోపే అయిపోయేది, పెద్దది ఇంకా పలుకుతుండగానే చెరిగిపోయేది. నేను ముందే ఒక కాపీ తీసి పెట్టుకోవాల్సింది. ఒక్క లైను పని.

వెళ్లి ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. భుజాలు ఊగేలా నవ్వాడు, శబ్దం లేకుండా. తర్వాత టైప్ చేశాడు.

"మూడు వారాలు నా భార్యతో గూడా మాట్లాడకుండా నీ తప్పు ఎతికినా గదప్పా. ఇంగ టీ తాపిచ్చు."

ఆ తర్వాత ఏడాదికి పైగా దాంతోనే పాఠాలు చెప్పాడు.

ఈ వేసవిలో జబ్బు తిరగబెట్టింది. పోయిన వారం చూసినప్పుడు వేళ్లు కీబోర్డు మీద నిలవడం లేదు. నేను లాప్‌టాప్ దగ్గరికి జరిపితే వద్దన్నట్టు తలూపి, నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

ఈరోజు మధ్యాహ్నం సమాధి చేశాం.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒకామె ముందుకొచ్చింది. మెడకు గుడ్డ చుట్టుకుని ఉంది. ఎవరో కమలకూ తెలియదు. సంచిలోంచి చిన్న పాత లాప్‌టాప్ తీసి, నిలబడే ఏదో కొట్టింది. మా ప్రోగ్రామే పలికింది.

"నా పేరు లక్ష్మీదేవి. మాది వల్లూరు. నాగ్గూడా గొంతు తీసేసినారు. ఈ సారు మా ఇంటికి ఆరుసార్లు వచ్చి నాకు మాట నేర్పిచ్చినాడు. ఇప్పుడు నా మనవరాలితో రోజూ కొట్లాడతాండా."

సమాధి దగ్గర జనం ఏడుస్తూనే నవ్వారు.

ఆరుసార్లు పోయాడంట. నాకొక్క ముక్క చెప్పలేదు.

పోయిరా అల్లుడా. ఇంక నొప్పి లేని చోట నెమ్మదిగా ఉండు.