మొదటి ఆకు దగ్గరే ఆగిపోయారు

నా డైరీ నుండి యథాతథంగా:

సోమవారం, ఉదయం 10.20. క్రైస్ట్‌చర్చ్ ప్రదర్శనశాల నుండి ఫొటో వచ్చింది. నేను అరువిచ్చిన తాళపత్ర వైద్యగ్రంథం కింద చీటీ: "దుష్టశక్తులను పారద్రోలే ప్రార్థన".

మంగళవారం, 11.05. ఫోన్ చేశాను. పద్దెనిమిది నిమిషాలు సంగీతం వినిపించి లైను తెంచారు.

బుధవారం, మధ్యాహ్నం 2.40. మెయిల్‌కు జవాబు: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు." అభిప్రాయమట!

గురువారం, 9.00. ప్రదర్శన పుస్తకం వచ్చే వారాంతంలో అచ్చుకు వెళుతోందనీ, అందులోనూ అదే మాట ఉంటుందనీ తెలిసింది. టికెట్లు తీసుకున్నాను.

నేను బెజవాడలో ముప్ఫై ఏళ్ళు ఆయుర్వేదం బోధించి, ఇప్పుడు వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మధ్యయుగంలో శరీరాన్నీ ఆత్మనూ వైద్యులు ఎలా అర్థం చేసుకున్నారో చూపే ప్రదర్శన అన్నారు కనుకనే, ఆ కాలపు గ్రంథానికి మా ముత్తాత రాసిన ప్రతిని, ముప్ఫై రెండు ఆకుల కట్టను, ఇచ్చాను. దానితోపాటు నాలుగు పుటల ఇంగ్లీషు వివరణ కూడా జతచేశాను.

శుక్రవారం ఉదయం 7.10కి లోకల్ రైల్లో వెల్లింగ్టన్, 8.45కి ఓడ. గాలి విపరీతం. పక్క సీటులో ఒంగోలు అమ్మాయి పద్మ, క్రైస్ట్‌చర్చ్‌లో నర్సు, వాంతికని కాగితం సంచి పట్టుకుని కూర్చుంది. నేను వైద్యుణ్ణని తెలిసి చెయ్యి చాపింది.

"చూడండంకుల్, ఉన్నానా పోయానా?"

"ఉన్నావమ్మా. వాతం రేగింది. అల్లం ముక్క నములు."

"పన్లో పని, ఆత్మ ఎక్కడుందో కూడా చెప్పేయండి. మా స్కానింగుల్లో ఒక్కసారీ దొరకలా!"

నాడిలోనూ దొరకదని చెప్పాను. మా గ్రంథం పదకొండో ఆకు మీద వైద్యుడికీ వేదాంతికీ మధ్య వాదమే అది. ఒళ్ళు ఒక ఇల్లనుకుంటే, గోడ బీటలు వైద్యుడు లెక్కపెట్టగలడు. లోపల మనిషి ఉన్నాడా అన్నది కిటికీలో దీపం చూసి ఊహించవలసిందే. అయితే బీటలు పూడ్చకపోతే గాలికి దీపం నిలవదు, కనుక వైద్యుడు తన పని మానరాదు.

"మా ఐసీయూలో రోజూ ఇదే గొడవ," అంది పద్మ.

ఓడ దిగి పిక్టన్‌లో పెరుగన్నం తిని 1.40కి రైలెక్కాను. వెళ్ళేవారు ఎడమవైపు కిటికీ అడగండి. సముద్రం అటే ఉంటుంది. రాత్రి బస క్రైస్ట్‌చర్చ్‌లో, మా అల్లుడి స్నేహితుడు రవి ఫ్లాట్‌లో. వరంగల్ కుర్రవాడు, చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఇంజనీరయ్యాడు.

శనివారం 10.00కి అతని కారులోనే ప్రదర్శనశాలకు వెళ్ళాం. అద్దాల పెట్టెలో మా కట్ట మొదటి ఆకు మాత్రమే తెరిచి పెట్టారు. అందులో ఉన్నది శ్రీకారం, విఘ్నేశ్వర స్తుతి. మనవాళ్ళు ఏది రాసినా ముందు అది ఉంటుంది. నేను సామాన్ల పట్టీకి కూడా శ్రీ పెడతాను. వైద్యం రెండో ఆకు నుండి మొదలు. చీటీలో ఇంకొక వాక్యం: "పసుపు మరకలు పూజకు సంబంధించినవి." పురుగు పట్టకుండా మా నాయనమ్మ ఏటేటా పూసిన పసుపది!

బాధ్యురాలైన అధికారిణి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్థురాలే. "మీ సంప్రదాయంలో ఇది ఎంతో పవిత్రమని మాకు తెలుసు," అంది.

"పవిత్రత గురించి రాలేదమ్మా, చీటీ గురించి వచ్చాను. నా నాలుగు పుటలు చదివారా?"

"ఫైల్లో ఉన్నాయి."

"చదివారా?"

రవి నా మోచేయి తట్టాడు. "లైట్ తీస్కోండి అంకుల్" అంటాడనుకున్నాను. రాత్రంతా అదే అన్నాడు మరి. ఈసారి అన్నది వేరు: "అంకుల్, పక్క డబ్బాల బుక్కు చూడున్రి. ఫస్ట్ పేజీల ఏముందో!"

పక్క పెట్టెలో ఉన్నది అదే కాలపు ఐరోపా గ్రంథం. మొదటి పుట నెత్తిన శిలువ, కింద దైవస్తుతి. చీటీ మాత్రం: "రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం: వైద్య సిద్ధాంతం, శరీరాత్మల సంబంధంపై తాత్త్విక చర్చ". మా ఆకు కింది చీటీ మీద కోపంతో గంటసేపు అక్కడే నిలబడి కూడా నేను దాన్ని గమనించలేదు.

"అక్కడ శిలువ దాటి చదివారు. ఇక్కడ శ్రీకారం దగ్గరే ఆగిపోయారు. ఎందుకు?" అని అడిగాను.

ఆమె రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూసింది. ముఖం ఎర్రబడింది. పెట్టె తెరవడానికి కమిటీ అనుమతి కావాలనీ, రాసి పంపమనీ అంది. బయటికి రాగానే రవి, "పాయింట్ పడ్డది, కానీ గేమ్ అయిపోలే," అన్నాడు.

ఆదివారం ఉదయం 7.00కి తిరుగు రైలు. కైకోరా దగ్గర సీల్ జంతువులు రాళ్ళ మీద ఎండ కాచుకుంటున్నాయి. ఈ దేశంలో కొండలు, సముద్రం, మనుషుల మర్యాద అన్నీ చూడదగ్గవే. ఆ మర్యాద మాటున మన మాట వినకుండానే తోసేయడం కూడా ఉందని ఈ మూడు రోజుల్లో తెలిసింది. కిటికీ పక్కనే కూర్చుని ఈ లేఖ రాశాను.

శ్రీ

ప్రదర్శన నిర్వాహకులకు,

మా గ్రంథం పదకొండో ఆకు తెరిచి ఉంచాలి. చీటీని వైద్యగ్రంథమని దిద్దాలి. దిద్దిన మాటే అచ్చు పుస్తకంలో రావాలి. వీటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయకపోతే కారణమేమిటో తెలపాలి. ఈ లేఖ నెత్తిన కూడా శ్రీకారం ఉంది. అక్కడ ఆగిపోక చివరిదాకా చదివి, వచ్చే శుక్రవారం లోపల, సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.