తిరుపతి బడిలో నా గుండు

తిరుపతిలో నన్ను చేర్చిన హైస్కూలు మొదటి గంటలోనే నాకు నచ్చలేదు. ఆ తరవాతా నచ్చలేదు. చిత్తూరులో మా బడి కోర్టుకు కూతవేటు దూరం. తరగతిలో సగంమంది ప్లీడర్ల పిల్లలు, తక్కిన సగం వాళ్ళ గుమాస్తాల పిల్లలు. ఎవరేం చెప్పినా ఆధారం చూపించమని నిలదీసేవాళ్ళం. తిరుపతి పిల్లలకు ఆ బాధ లేదు. దేవుడి ఊళ్ళో పుట్టాం కాబట్టి అన్నీ తమకు తెలుసని వాళ్ళ ధీమా. అక్కడ పుట్టడం కూడా ఏదో పరీక్ష రాసి గెలిచినట్టే మాట్లాడేవాళ్ళు.

అవి యుద్ధం రోజులు. నేను ఫోర్తు ఫారం చదువుతున్నాను. మా నాయన ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉండేవాడు. నా అరసంవత్సరం పరీక్షలు అయిన వారానికి ఆయనకు జ్వరం తగిలింది. పద్దెనిమిది రోజులు మంచంమీద ఉండి చనిపోయాడు. కర్మలు ముగిసిన నాలుగోరోజు మా మేనమామ వచ్చి అమ్మనూ, నన్నూ, రెండు ట్రంకుపెట్టెలనూ బొగ్గుతో నడిచే బస్సులోకి ఎక్కించి తిరుపతిలో తన ఇంట్లో దించాడు.

ఆ నాలుగు రోజులూ చిత్తూరులో వచ్చినవాళ్ళల్లా నా గడ్డం పట్టుకొని "తండ్రి లేని బిడ్డ, పాపం" అన్నారు. ఒకావిడ అరటిపండు చేతిలో పెట్టి మరీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త బడిలో ఎవడూ నన్ను చూసి పాపం అనకూడదని బస్సులోనే గట్టిగా అనుకున్నాను. నాకు అక్కడ కావలసింది అదొక్కటే.

మామ సంగతి కూడా చెప్పాలి. గుడి వీధిలో ఆయనకు పసుపు, కుంకుమ, దేవుడి పటాలు అమ్మే అంగడి ఉండేది. అరవవాళ్ళు వస్తే అరవంలో, కన్నడంవాళ్ళు వస్తే కన్నడంలో అన్నా, అక్కా అని వరసలు కలిపేసేవాడు. వెలిసిపోయిన పటాన్ని "ఇది పాతకాలం అచ్చు, ఇంగ దొరకదు" అని అంటగట్టేవాడు. మా నాయన కాగితం మీద ఒక అక్షరం తప్పు పడితే నిద్రపోని మనిషి. ఆయన్ను చూసి పెరిగిన నాకు మామ ఉత్త చవకబారు మనిషిగా కనిపించాడు. ఆయన పెట్టిన అన్నం తింటూనే ఆయన్ని చిన్నచూపు చూశాను.

హెడ్మాస్టరు నా టీసీ చూసి "తండ్రి?" అన్నాడు. "లేడు సార్" అన్నాడు మామ, గొంతు తగ్గించి. ఆయన ఏదో రాసుకొని, సిరా ఆరకముందే మమ్మల్ని మరిచిపోయి, బంట్రోతును పిలిచి నన్ను తరగతికి పంపాడు. తల ఎత్తి నన్ను చూడనేలేదు.

చూసుంటే నా గుండు కనిపించేది. నాయన పోయిన పదోనాడు చిత్తూరులో నీవా ఏటి ఒడ్డున గీసిన గుండు. ఇంకే ఊరి బడిలోనైనా నడి సంవత్సరంలో ఒక పిల్లవాడు గుండుతో వచ్చి చేరితే, ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు. తిరుపతిలో అడగరు. ఆ ఊళ్ళో వీధినిండా గుండ్లే. గుండంటే మొక్కు. ఇంకో అర్థం ఉంటుందని ఆ మహామేధావులకు తట్టనే తట్టదు.

బెంచీలో నా పక్కవాడు అడక్కుండానే నా తలమీద చెయ్యేసి తడిమాడు.

"ఇది కల్యాణకట్టలో గీసింది కాదురా. గాట్లు సూడు" అన్నాడు వెనకవాడితో.

"గంధం కూడా పూసుకోలేదే. యాడ గీయించినావురా?" అన్నాడు వెనకవాడు.

"జనం ఎక్కువుండారు. తొందరలో గీసేసినారు" అన్నాను.

ఇద్దరూ తల ఊపారు. కత్తిగాట్లు లెక్కపెట్టగలిగినవాళ్ళకు ఎదురుగా ఉన్న ముఖం కనిపించలేదు. ఇంత మొద్దులు దొరకడం నా అదృష్టం అనుకున్నాను.

మరునాడు క్లాసు టీచరు వంతు వచ్చింది. లెక్కలు చెప్పేవాడు. ముక్కుపొడుం పీల్చి, ఆ వేళ్ళతోనే సుద్దముక్క పట్టుకొనే మనిషి. నన్ను లేపి నిలబెట్టాడు.

"ఏమబ్బా, ఏం మొక్కు తీర్చుకుంటివి? సెప్పు. దేవుని మొక్కు దాసుకోగూడదు."

తరగతి మొత్తం నావైపు తిరిగింది. నిజం చెప్పడానికి ఒక మాట చాలు. ఆ మాట తరవాత వచ్చే 'పాపం' నాకు వద్దు.

"మా నాయనకు జబ్బు చేసింది సార్. నయమైతే తల ఇస్తానని మొక్కుకున్నా."

"నయమయిందా?"

"అయింది సార్."

"సూసినార్రా, కొడుకంటే అట్లుండాల" అన్నాడాయన. నలభై గొంతులు ఒక్కసారిగా "గోవిందా గోవింద" అన్నాయి. ఆ ఊళ్ళో తుమ్మినా అదే అంటారు.

నేను చెప్పినదాంట్లో సగం అబద్ధం కాదు. నాయనకు మాట పడిపోయిన రోజు పెరట్లో నిలబడి నిజంగానే మొక్కుకున్నాను, ఆయన లేచి కూర్చుంటే కొండకు నడిచివచ్చి తల ఇస్తానని. ఆయన లేవలేదు. తల మాత్రం ఇచ్చాను.

నా అబద్ధం నెలన్నర హాయిగా సాగింది. అంతలో ప్రోగ్రెస్ రిపోర్టులు వచ్చాయి. ఇంటికి పంపితే మేమే సంతకాలు గీకేస్తామని ఆ టీచరు పంపేవాడు కాదు. తండ్రి వచ్చి తన ముందు సంతకం పెట్టాలి.

"మా నాయన చిత్తూరులో ఉండాడు సార్" అన్నాను.

"చిత్తూరు ఏమన్నా లండనా? బస్సుండాది. రమ్మను. మంచంమీదినుంచి లేచిన ఆ మనిషిని నేనొకసారి సూడాల."

మూడు రోజులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాలుగోరోజు నన్ను వరండాలో నిలబెట్టాడు. ఎవరినైతే పూచికపుల్లపాటి లెక్కచెయ్యలేదో వాళ్ళంతా కిటికీలోనుంచి నన్ను చూసి నవ్వుతున్నారు. రేపు నిజం తెలిస్తే 'పాపం' ఒక్కటే కాదు, చచ్చిన తండ్రిని బతికించి చెప్పుకున్నవాడు అన్న పేరు కూడా వస్తుంది. విధిలేక ఆ సాయంత్రం మామతో, "సార్ రమ్మన్నాడు. సంతకం పెట్టాలంట" అన్నాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

మరునాడు మామ అంగడి మూసి, ఉతికిన పైపంచె వేసుకొని వచ్చాడు. టీచరు ఆయన్ని తరగతిలోకి పిలిచాడు.

"నువ్వేనా అప్పా వీని నాయనవు? అంత జబ్బులోనుంచి లేసినావంట గదా. నీ కొడుకు తల ఇచ్చి నిన్ను నిలబెట్టుకున్నాడు."

మామ నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. ఆయన ఏమంటాడోనని తరగతంతా ఎదురుచూస్తోంది.

మామ రెండు చేతులూ జోడించాడు.

"అవును సార్. వాని మొక్కే నన్ను బతికించింది."

తరవాత వంగి, తండ్రి సంతకం అని అచ్చువేసిన చోట మెల్లగా సంతకం పెట్టాడు.

టీచరు ఆ పూటకు నన్ను ఆయనతో ఇంటికి పొమ్మన్నాడు. వీధి మలుపుదాకా తిడతాడని కాచుకొని నడిచాను. మలుపు దాటాక, నావైపు చూడకుండానే అన్నాడు.

"ఇంట్లో ఈ మాట తియ్యొద్దు. మీయమ్మ తట్టుకోలేదు. బడిలోనన్నా ఉండాడు గదా మీ నాయన. ఉండనీలే."

ఆయన్ని చిన్నచూపు చూడాలని అప్పుడు కూడా నాకు నేను చెప్పుకున్నాను. చేతకాలేదు. ఆయన వెనకాలే, ముక్కు తుడుచుకుంటూ, ఏడుస్తూ ఇంటికి పోయాను.