కోర్దోర్ మఫ్లరు

బా కోర్దోర్, అదే కోర్దోరన్న, మెడలోని మఫ్లరు విప్పుతున్నాడంటే, ఎవరి కళ్ళకో గంతలు పడబోతున్నాయని షిల్లాంగులో గిటారు పట్టిన ప్రతివాడికీ తెలుసు. ముందు చుట్లు విప్పుతాడు. ఒకసారి దులుపుతాడు. "కూర్చో. కళ్ళతో వినకు," అంటాడు. ఆ పైన మనిషికి చీకటే.

లోకంలో ఏ రెండు వస్తువులనూ ఆయన పక్కపక్కన ఊరికే ఉండనివ్వడు. ఏది మేలో తేలాలి. కళ్ళు కట్టుకునే తేలాలి. కాంగ్ బియా, అదే బియా అక్క, మాంసం కలిపి వండే జాదోహ్ అన్నం కొట్టుకి ఎదురుగా కొత్త కొట్టు వెలిసినప్పుడు, ఒక టాక్సీ డ్రైవరుని పట్టుకొచ్చి గంతలు కట్టి రెండు ప్లేట్లు ముందు పెట్టాడు. డ్రైవరు రెండూ ఊడ్చేసి, "తేడా అంతు పట్టట్లేదు బా, ఇంకో రెండు తెప్పించు," అన్నాడు. చర్చికి కొత్త మైకు కొన్నప్పుడు పాస్టరుగారికే కట్టాడు. కళ్ళు మూతపడగానే ఆయన అలవాటు కొద్దీ ప్రార్థన ఎత్తుకున్నాడు. పాత మైకులో ఊరందరి క్షేమమూ పేరుపేరునా కోరాడు. కొత్త మైకు వంతు రానేలేదు.

అయితే ఇవన్నీ దారిలో దొరికిన సరదాలు. అసలు యుద్ధం పోలీస్ బజారు వెనక సందులో, గిటార్లు బాగుచేసే ఆయన కొట్లో జరిగేది. ఒక పక్క గిటారు ధ్వని మార్చడానికి కాలితో నొక్కే పెడల్స్. ఇంకో పక్క కొత్తగా వచ్చిన డిజిటల్ పెట్టె. వంద ఆంప్‌లూ వంద పెడల్సూ తనలోనే ఉన్నట్టు నటించే పెట్టె.

"పెడల్‌కి ఒకటే పని," అనేవాడు కోర్దోర్. "గరగర కావాలంటే గరగర. ప్రతిధ్వని కావాలంటే ప్రతిధ్వని. వంగి మీట తిప్పితే అప్పటికప్పుడు మాట వింటుంది. ఆ పెట్టెలో వేషం మార్చాలంటే ముందు తెర మీది గుమాస్తాకి చెప్పుకోవాలి. ఆ గుమాస్తా ఇంకో గుమాస్తా దగ్గరికి పంపుతాడు. ఈలోపు పాట అయిపోతుంది."

కొత్త సరుకు కొనాలని తహతహలాడుతూ వచ్చిన కుర్రాళ్ళు ఆ మఫ్లరు కింద కూర్చునేవారు. ఆయన వాయించేవాడు. ఒకటి. రెండు. వాళ్ళు ఎంచుకునేవారు. గంతలు విప్పి చూస్తే ప్రతిసారీ వాళ్ళ పాతదే గెలిచేది. ఆర్కీ అనే కుర్రాడు తన అరిగిపోయిన పసుపు పెడల్‌ని ముద్దుపెట్టుకుని మరీ ఇంటికెళ్ళాడు. ఆ కొట్లో కొత్తది గెలిచిన రోజు లేదు.

బ్యాండులో గిటారు వాయించే దఫీషా భయమంతా అదే.

తన పెడల్స్ అన్నీ అమ్మేసి ఆమె ఆ పెట్టె కొనుక్కుంది. అమ్మింది కూడా కోర్దోర్‌కే. వానలో మెట్లెక్కుతూ ఆ బరువు మోయలేకపోయింది. పైగా పెడల్‌కీ పెడల్‌కీ మధ్య చిన్న వైర్లలో ఎప్పుడూ ఏదో ఒకటి అలిగేది. ఏది అలిగిందో కనిపెట్టేలోపు జనం టీకి లేచేవారు.

"వంద వేషాలూ కలిపి నా బడిసంచీ అంత బరువు లేవు బా," అంది పెడల్స్ అమ్మిన రోజు ధైర్యం తెచ్చుకుని.

"పిల్లనగ్రోవి ఇంకా తేలిక," అన్నాడు కోర్దోర్.

ఆ శనివారం మధ్యాహ్నం దఫీషా బ్యాండు పాత హాల్లో వాయించాలి. నవంబరు ఉత్సవానికి ఒక్క బ్యాండునే ఎంచుతారు. "ఈసారీ కాకపోతే గువాహటిలో ఉద్యోగంలో చేరిపోతాను, దఫీ," అని డ్రమ్ములు వాయించే బాంతే ముందే చెప్పాడు. అతను పోతే బ్యాండు లేదు. ఆ మాట విన్నప్పటి నుంచి దఫీషాకి అన్నం సయించలేదు.

పొద్దున హాల్లో ఒకసారి వాయించి చూసుకున్నారు. ఇంట్లో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆమె ఎంతో ముద్దుగా కూర్చిన ధ్వని, డ్రమ్ములు మొదలవగానే మాయమైపోయింది.

"నీ గిటారు దుప్పటి కప్పుకుని పడుకుంది," అన్నాడు బాంతే.

ఆమె ప్రతిధ్వని తగ్గించింది. అడుగున గుబగుబలాడే బరువు తీసేసింది. దుప్పటి తొలగింది. "ఇప్పుడు బాగుంది. ఇక వదిలెయ్," అన్నాడు బాంతే. కానీ చెయ్యి ఊరుకోదు. ఇంకొంచెం పెంచింది. మళ్ళీ తగ్గించింది. బాగున్నదేదో, పోగొట్టినదేదో ఆమెకే తెలియని స్థితికి వచ్చింది. బాంతే బాగుందన్నది దాచిపెట్టుకుంది, పెట్టెలోనే ఉంది, కానీ అదీ బాగుందన్న నమ్మకం లేదు.

మధ్యాహ్నం స్టేజీ వెనకగదిలో ఆమె ఇంకా మీటలతోనే ఉండగా, తలుపు తోసుకుని కోర్దోర్ వచ్చాడు. ఒక చేతిలో తడిసిన గొడుగు. ఇంకో చేతిలో ఆమె అమ్మేసిన ఆకుపచ్చ పెడల్. ఆయన వెనక ఆయన భార్య కాంగ్ మెరిడా, బుగ్గలో క్వాయ్ వక్క నములుతూ.

కోర్దోర్ మఫ్లరు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడొద్దు బా! నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తర్వాత. ముందు కూర్చో."

"నా పెట్టె ఓడిపోతే స్టేజీ ఎలా ఎక్కను?"

"ఓడిపోతే నీ పెడల్ ఇదిగో, తెచ్చాగా. పొద్దున ఒక ధ్వని మెచ్చానని బాంతే చెప్పాడు, పెట్టెలో దాచావా? అది తియ్యి. కళ్ళతో వినకు."

మఫ్లరు తడి ఉన్ని వాసన వేసింది. చీకట్లో ఆయన దఫీషా గిటారుని ఒళ్ళోకి తీసుకున్న చప్పుడు. టక్కున పెడల్ నొక్కిన శబ్దం. "ఒకటి," అన్నాడు కోర్దోర్. వాయించాడు. మళ్ళీ టక్కు. "రెండు." అదే స్వరం, అదే వరుస.

ఆమె తల ఒక పక్కకి వంచి, రెండింటినీ మనసులో మళ్ళీ వాయించుకుంది.

"రెండోది," అంది చివరికి. "మొదటిది పలచగా ఉంది. పెడల్ కదూ? రెండోదానికి లోతుంది. తీగని వేలు వదిలేటప్పటి శ్వాస కూడా వినిపించింది."

కోర్దోర్ గంతలు విప్పాడు. చేదు మందు మింగినట్టు మొహం పెట్టాడు.

"రెండోది నీ పెట్టె."

గుమ్మంలో నిలబడ్డ బాంతే అరిచాడు. "బా కోర్దోర్ కొట్లో పెట్టె గెలిచిందా! ఊళ్ళో చెప్పినా నమ్మరు!"

"ఇది కొట్టు కాదు, వెనకగది. లెక్కలోకి రాదు," అన్నాడు కోర్దోర్. తర్వాత దఫీషా వైపు వేలెత్తాడు. "కానీ ఇక ఆ మీటలు ముట్టుకున్నావో, ఈ మఫ్లరుతో చేతులు కడతాను."

ఆమె ముట్టుకోలేదు. స్టేజీ మీద నాలుగు పాటలూ అదే ధ్వనితో వాయించింది. ఏ వేలు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్ళింది. ఉత్సవం వాళ్ళు చీటీ చదువుతున్నప్పుడు బాంతే కుర్చీ కింద దూరినంత పని చేశాడు. చదివింది వాళ్ళ పేరే.

సామాను సర్దుతుంటే వెనకగదిలో నేల మీద ఆ ఆకుపచ్చ పెడల్ కనిపించింది. కోర్దోర్ బయట ఎవరితోనో పెట్టెలని తిడుతున్నాడు. దఫీషా దాన్ని ఎత్తింది. అగ్గిపెట్టెలా చేతిలోకి లేచొచ్చింది. తిరగేసి చూస్తే అడుగు రేకు లేదు. పైన నొక్కే మీట తప్ప లోపల ఏమీ లేదు. ఉత్త డొల్ల.

"కాంగ్... ఇదేంటి?"

"మంగళవారమే విప్పేశాడు, శుభ్రం చెయ్యాలని," అంది మెరిడా. "పేగులన్నీ కొట్లో బల్ల మీదున్నాయి."

"మరి ఇందాక వాయించింది?"

"నీ పెట్టెనే. రెండుసార్లు."

దఫీషా ఆ డొల్లలోకి మళ్ళీ తొంగి చూసింది. "లోతుందని అన్నాను కాంగ్. శ్వాస అన్నాను!"

"అందరూ అంటారు. మొన్నొకడు ఒకదాంట్లో ఏడుపు వినిపించిందన్నాడు. వణుక్కుంటూ వచ్చినవాడి చేతిలో ఏదుందో దాన్నే రెండుసార్లు వాయిస్తాడు మీ బా, ఏది ఎంచినా అదే నీదంటాడు. నీది బాగానే ఉంది, ఇంటికి పో అంటే ఎవడు వింటాడు? గంతలు కట్టి చెబితే వింటాడు."

"ఆర్కీ పసుపు పెడల్..."

"అదీ అంతే."

"జాదోహ్?"

"రెండు ప్లేట్లూ బియా గిన్నెలోవే. పాపం, ఆ డ్రైవరు నిజమే చెప్పాడు." మెరిడా క్వాయ్ ఇంకో బుగ్గకి మార్చుకుంది. "ఈ విద్య ఆయనకి నేర్పింది నేనే. పెళ్ళికి ముందు నా గొంతు బాగుందో, మా అక్క గొంతు బాగుందో తేల్చుకోలేక తిండి మానేశాడు. తలుపు అవతల కూర్చోబెట్టి, ఇద్దరం పాడతామని చెప్పి పాడాను. రెండోది అన్నాడు. ఆ రోజు మా అక్క ఊళ్ళోనే లేదు."

దఫీషాకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, "అయితే నిజంగా ఏది మేలంటాడు? పెడలా, పెట్టా?" అంది.

"ఏమో. పెట్టెని గంట తిడతాడు కానీ ఒక్కదాన్నీ లోపలిదాకా వినలేదు. నేర్పమని అడగడానికి సిగ్గు."

మర్నాడు ఆదివారం. చర్చి గంట ఇంకా కొట్టలేదు. దఫీషా తలుపు తీసేసరికి కోర్దోర్ సూటు వేసుకుని నిలబడి ఉన్నాడు. బూట్లు విప్పి తిన్నగా లోపలికొచ్చి, పెట్టె ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని, జేబులోంచి కళ్ళజోడు తీశాడు.

"నిన్న మూడో పాట చివర, ఎవరో లోయ అవతల తలుపు మూసినట్టు ఒక శబ్దం వచ్చింది," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "అది ఏ గుమాస్తా దగ్గరుంది?"

ఆమె చూపించింది. ఆయన మీట ఒక్క గడి తిప్పి తర్వాతి వేషానికి వెళ్ళాడు. విన్నాడు. ఇంకో గడి తిప్పాడు.

చర్చి గంట కొట్టింది. కింద రోడ్డు మీంచి మెరిడా కేకేసింది. "ఏమయ్యా! పాస్టరుగారు లోపలికెళ్ళిపోయారు!"

"నువ్వు పద," అన్నాడు కోర్దోర్ పెట్టె మీంచి తల ఎత్తకుండా. "దేవుడికి చెప్పు, ఇంకా తొంభై ఏడు వేషాలు వినాల్సి ఉన్నాయని."