పెదవి మీద పొక్కుతో రాజోలు బారసాలకు

మా మనవరాలికి ఇరవై ఒకటో రోజున కోడలి పుట్టింట, రాజోలులో బారసాల. మా ఇంట్లో బిడ్డ చెవిలో మొదటిసారి పేరు చెప్పేది మామ్మే. అందుకోసమే 2004లో నిడదవోలు నుంచి బయలుదేరాను. చేతులు కడుక్కోకుండా ఎవరూ పిల్లను ముట్టుకోకూడదని కోడలు లలితకు ముందే ఉత్తరం రాశాను. తీరా ప్రయాణం ముందురోజు నా కింది పెదవి చిమచిమలాడి, తెల్లవారేసరికి నీటిపొక్కులు గుత్తిగా లేచాయి. పురుగు పాకిందనుకుని సున్నం రాశాను.

ఆరుంబావు పాసింజరు తొమ్మిదిన్నరకు నరసాపురం చేర్చింది. రేవుకు ఆటో పదిహేను రూపాయలు. "ఏంటండీ మామ్మగారూ, కిళ్ళీ సున్నం ఎక్కువైందా?" అని నవ్వాడు ఆటో అతను. గోదావరి దాటించి సఖినేటిపల్లిలో దింపే పంటు మీద మూడు రూపాయల టికెట్టు తీసుకుని నిలబడ్డాను. పక్కనే డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్న ఒక నర్సమ్మ నా పెదవి వంక చూసింది.

"పురుగూ లేదు, పాడూ లేదండి. అది అంటుకునే పొక్కు. ఎక్కడికండీ ప్రయాణం?"

"మనవరాలి బారసాలకమ్మా."

ఆమె ముఖం మారిపోయింది. "మనకైతే పది రోజుల్లో ఆరిపోద్దండి. పసిబిడ్డకి ప్రాణం మీదకి రావచ్చు. పొక్కు ఎండి, పైన కట్టిన చెక్కు రాలేదాకా ముద్దులొద్దు, మొహం దగ్గరకే వెళ్లొద్దు."

పంటు ఒడ్డుకు చేరేలోగా ఏం చేయాలో అంతా చెప్పింది. బస్సులో ఏడు రూపాయలిచ్చి రాజోలులో దిగగానే, మందుల షాపులో ఆమె చెప్పిన ఎసైక్లోవిర్ క్రీము కొన్నాను.

గుమ్మంలోనే లలిత పిల్లతో ఎదురొచ్చి, "చేతులు కడుక్కున్నారా అత్తయ్యగారూ?" అంది, నా ఉత్తరం గుర్తు చేస్తూ.

"కడుక్కుంటానమ్మా. అయినా నాకివ్వకు," అని అందరి ముందూ సంగతి చెప్పేశాను. పేరు చెప్పమని వియ్యపురాలిని అడిగాను.

"నేనా వదినగారూ?" అని ఆవిడ తడబడింది.

"మీరే. గట్టిగా చెప్పండి, నాకు వినపడాలి." వసారాలో దూరంగా కూర్చుని విన్నాను. 'సుభద్ర' అన్న మాట మూడుసార్లు వినపడింది. కళ్ళు తుడుచుకోబోయి, చెయ్యి పెదవికి తగిలిందేమోనని మళ్ళీ సబ్బుతో కడుక్కున్నాను.

నేను మర్నాడే తిరిగి వెళ్తానంటే వియ్యపురాలు వెళ్లనివ్వలేదు. సున్నాన్ని నీళ్ళతో మెల్లగా కడిగేశాను. చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు అద్దడం, రోజుకు ఐదుసార్లు క్రీము, రాసిన ప్రతిసారీ చేతులు కడగడం, నా గ్లాసు, తువ్వాలు వేరు. ఆవకాయ మండుతోందని ఆవిడ రోజూ నాకు విడిగా పప్పు, మజ్జిగ అన్నం పెట్టింది. చెక్కును నేను గిల్లలేదు. తొమ్మిదో రోజున అదే రాలింది. కింద చర్మం పూర్తిగా నున్నబడేదాకా ఇంకో రెండు రోజులు ఆగాను.

అప్పుడు లలితే పిల్లను నా ఒళ్ళో పెట్టింది. చెవి దగ్గర వంగి పేరు చెప్పాను. వంటింట్లోంచి కేక వినపడింది: "గట్టిగా చెప్పండి వదినగారూ, నాకు వినపడాలి!"

ఆ నర్సమ్మ పేరు అడగడం మరిచిపోయాను. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరికీ శుభ్రత నేర్పింది నేనే అనుకునేదాన్ని. పంటు మీద పావుగంటలో నాకు నేర్పిన మనిషిని రోజూ తలుచుకుంటాను. ఈ పొక్కు తరచూ వచ్చేవారు పసిపిల్లలున్న ఇంటికి ప్రయాణం పెట్టుకుంటే, క్రీము సంచిలో ఉంచుకోండి, పెదవి చిమచిమలాడిన పూటే రాయడం మొదలుపెట్టండి. చెక్కు రాలకపోతే మాత్రం టికెట్టు మార్చుకోండి.