క్యారమ్ బోర్డు ఇచ్చేసి వచ్చిన రోజు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము దుమ్ముగూడెంలో కిరాయికి ఉండేవాళ్లం. నేను స్కూలు నుంచి వచ్చి చాయ్ తాగగానే నా భార్యా నేనూ క్యారమ్స్‌కు కూర్చునేవాళ్లం. ఆటలో నేను ఆమెకు సరితూగేవాణ్ని కాదు. రెడ్ ఎప్పుడూ తనకే పడేది. పడ్డాక "ఏంది సారూ, పిల్లలకు లెక్కలు గూడ గిట్లనే చెప్తరా?" అని ఏడిపించేది.

ముప్పై కూడా నిండకుండానే ఆమె వేళ్లు వాచడం మొదలైంది. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి ముడుచుకునేది కాదు. దువ్వెన చేతిలోంచి జారిపోయేది. ఖమ్మం దవాఖానాలో రక్తపరీక్షలు చేసి కీళ్లవాతం అన్నారు. మందులు ఆపొద్దన్నారు. నొప్పి తగ్గినప్పుడు వేళ్లు మెల్లగా ఆడిస్తూ ఉండమన్నారు. ఆ రెండో మాట నా చెవికెక్కలేదు.

ఒకరోజు స్ట్రైకర్ కొట్టబోయి "అమ్మా" అంటూ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడే బోర్డు తీసుకెళ్లి మా స్కూలు పిల్లలకు ఇచ్చేసి వచ్చాను. ఆమెను అడగలేదు. బోర్డు ఆనించే గోడ ఖాళీగా ఉండటం చూసి తను ఆ మూల ఊడ్చేసింది. మంచిపనే చేశాననుకున్నాను. ఆ తర్వాత సాయంత్రాలు ఆమె టీవీ ముందు కూర్చునేది, నేను పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ని. అలా రెండేళ్లు గడిచాయి.

ఒక ఆదివారం ఆమె పక్కింట్లో ఉందంటే పిలవడానికి వెళ్లాను. ఆ ఇంటి ముసలమ్మతో అరుగు మీద అష్టాచెమ్మా ఆడుతోంది. పిడికిలి పట్టక, గవ్వల్ని రెండు అరచేతుల మధ్య పెట్టి విదిలిస్తోంది. పగలబడి నవ్వుతోంది. నన్ను చూసి నవ్వు ఆపేసింది.

ఇంటికొచ్చాక "నాతోని ఒక్క మాట చెప్పొచ్చు గదా?" అన్నాను.

"చెప్తే గవ్వలు గూడ ఎవరికో ఇచ్చొస్తరని చెప్పలే. నొప్పి నాది. ఆడాల్నో వద్దో నన్నడగాలె గదా" అంది. కోపంగా అనలేదు. అనుంటే బాగుండేది.

భద్రాచలం వెళ్లి కొత్త బోర్డు తెచ్చాను. అప్పటికే ఆమె చూపుడువేలు పక్కకు వంగిపోయింది. నాలుగుసార్లు స్ట్రైకర్ తోసింది. రెండుసార్లు అది బోర్డు మధ్యకు కూడా చేరలేదు. "ఇగ రాదులే" అని లేచింది.

ఆడుతూ ఉంటే వేళ్లు వంగకపోయేవా అని తర్వాత డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఎలాగూ వంగేవే అనుకుందాం. అయినా ఆ రెండేళ్ల సాయంత్రాలు ఆమె ఆడుకోవాల్సినవి.

కొన్నాళ్లకు పక్కింటి అరుగు మీద నాకూ చోటిచ్చారు. చెల్లాచెదురైన గవ్వలు ఏరి ఆమె చేతిలో పెట్టబోతే, ముసలమ్మ నా చెయ్యి పక్కకు నెట్టింది. "నువ్వుండయ్యా, ఆమెనే ఏరుకుంటది."