కాలరమ్మ మాత్రల డబ్బా

మా మేనత్తను లాండ్రీలో అందరూ కాలరమ్మ అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె పని చొక్కాల కాలర్లు ఇస్త్రీ చేయడం. మిగతా చొక్కా ఎవరైనా చేస్తారు, కాలరు మాత్రం ఆమె బల్ల మీదికే వస్తుంది. మొనల నుంచి మధ్యకు తోసుకుంటూ రావాలట. మధ్య నుంచి మొనలకు లాగితే ముడత మూలకు చేరి అక్కడే కూర్చుంటుందట. ఈ సంగతి నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అత్తయ్య పెళ్ళి చేసుకోలేదు. తనది అనుకోవడానికి ఆమెకున్నదల్లా కిటికీ పక్కనున్న ఆ బల్లే. మనిషి పొట్టి కాదు, కాస్త ఎక్కువే పొడుగు. అందుకని వంగి చేస్తే నడుము పోతోందని బల్ల నాలుగు కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టించుకుంది. ఆ బల్ల చేజారిపోతుందేమోనన్న భయంలోనే మాకు ఈ ఏడాదంతా గడిచింది.

థైరాయిడ్ మందకొడిగా పనిచేయడం ఆమెకు కొత్త జబ్బు కాదు. పదేళ్ళుగా రోజూ ఒక చిన్న మాత్ర వేసుకుంటోంది, ఏ ఇబ్బందీ లేదు. కిందటేడు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంటే మా ఇంటికి తెచ్చుకున్నాను. చెయ్యి అతుక్కుంది గానీ, ఆ తర్వాత మూడు నెలలకు మనిషే మందగించింది. మొహం ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. ఎండలు మండుతుంటే స్వెట్టరు వేసుకుని కూర్చునేది. గంటకు నలభై కాలర్లు చేసే చెయ్యి ఇరవైకి దిగింది. ఒకరోజు ఇస్త్రీ పెట్టె పట్టుకునే కునుకు తీసి ఎవరిదో తెల్ల చొక్కా మాడ్చింది.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె పెరిగింది, అంటే థైరాయిడ్ ఇంకా మందగించినట్టే అన్నారు డాక్టరుగారు, మాత్ర మోతాదు పెంచారు. ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష. అంకె ఇంకా పెరిగింది, మోతాదు ఇంకా పెంచారు. ఎక్కడి గొంగళి అక్కడే. "కొండనాలుకకు మందేస్తే..." అని అత్తయ్య ఏదో నవ్వబోయి, ఓపిక చాలక సామెత మధ్యలోనే వదిలేసింది.

నాకూ ఓపిక చాల్లేదు, దాచడమెందుకు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని నాది. ఇరవై రెండేళ్ళుగా గడుల ముందు నిలబడే ఉన్నాను. పొద్దున ఆసుపత్రిలో వరస, అక్కణ్ణుంచి పరుగున డ్యూటీ, సాయంత్రానికి పిక్కలు రాళ్ళయ్యేవి. రోజూ మాత్రలు వేసుకుంటున్నారా అని డాక్టరుగారు అడిగితే, అత్తయ్య నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. డబ్బా పెట్టానండి, ఒక్క పూట తప్పలేదు, అన్నాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అంటే, ఎప్పుడూ వాడేవేనండి, అని కూడా నేనే చెప్పాను.

ఆ డబ్బా నా ఘనకార్యం. ఏడు రోజులకు ఏడు గడులు. ఆదివారం సాయంత్రం కూర్చుని, ఒక్కో గడిలో ఆ రోజు మాత్రలన్నీ వేసేదాన్ని. థైరాయిడ్ మాత్ర, రక్తపోటు మాత్ర, చెయ్యి విరిగినప్పుడు ఎముకల డాక్టరు రాసిచ్చిన లావుపాటి తెల్ల కాల్షియం మాత్ర. ఏ గడిది ఆ గడిలో పడితే నా ప్రాణానికి హాయి. మొదటి రోజే అత్తయ్య నసిగింది.

"ఈ తెల్లది భోజనం చేశాక వేసుకునేదాన్నే."

లాండ్రీలో నీకు గుర్తుండదు, పొద్దున్నే అన్నీ మింగేస్తే గొడవ వదులుతుంది అన్నాను. ఆమె వాదించలేదు. ఒకరింట్లో ఉన్నప్పుడు ఆ ఇంటి లెక్క ప్రకారం నడుచుకోవాలనుకునే మనిషి.

మూడోసారీ అంకె పెరిగేసరికి నాకు అనుమానం మొదలైంది. గడులు ఖాళీ అవుతున్నాయి, జబ్బు తగ్గడం లేదు. అయితే మాత్రలు ఎక్కడికి పోతున్నట్టు? చెత్తబుట్ట వెతికాను. పరుపు కింద చూశాను. ఆమె స్వెట్టరు జేబులు కూడా తిరగేశాను. ఏమీ దొరకలేదు. అయినా అడిగేశాను.

"నిజం చెప్పు అత్తయ్యా. పారేస్తున్నావా?"

ఆమె వెళ్ళి పడుకుంది. మర్నాడు పొద్దున డబ్బా తెచ్చుకుని నా ఎదురుగా నిలబడింది. మాత్రలు మింగి, నోరు తెరిచి, నాలుక చాపి చూపించింది. నాలుక కిందా చూపించింది. నేను సరే అన్నాను. అరవై ఆరేళ్ళ మనిషి అలా ఆరు వారాలు రోజూ నాకు నాలుక చూపించింది, నేను రోజూ సరే అన్నాను. సిగ్గు లేకపోతే సరి.

ఆ ఆరు వారాల తర్వాత వచ్చిన అంకె అన్నిటికంటే పెద్దది. అదే వారం లాండ్రీ యజమాని నన్ను పిలిపించి, నెలాఖరు దాకా చూస్తానని, ఆపైన ఆ బల్లకు వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. మాడిన చొక్కాలు అప్పటికి మూడయ్యాయి.

పెంచిన మోతాదు కొనడానికి అత్తయ్యను వెంటబెట్టుకుని మందుల షాపుకు వెళ్ళాను. అక్కడి ముసలాయన చీటీ చూసి, ఇంత మోతాదా అని, ఎలా వేసుకుంటున్నారని అడిగాడు. సంచిలోంచి డబ్బా తీసి గర్వంగానే చూపించాను. ఆయన ఒక గడి తెరిచి, కాల్షియం మాత్రను వేలితో పక్కకు జరిపాడు.

"ఇవన్నీ ఒకేసారి వేస్తున్నారా? ఇది ఉంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదమ్మా. ఈ రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. డాక్టరుగారికి కాల్షియం సంగతి చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేను మాట్లాడనివ్వలేదు. ఆయన అక్కణ్ణుంచే డాక్టరుగారికి ఫోను కలిపాడు. కొత్త మోతాదు వద్దు, మొదట్లో వేసుకున్న పాతదే విడిగా, పరగడుపున వేయండి, రెండు నెలలకు మళ్ళీ చూద్దాం అన్నారు. ఎవరూ చెప్పకుండానే అత్తయ్య పదేళ్ళు చేసింది అదే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదేనేమో.

ఇల్లు దగ్గరపడ్డాక, నాదే తప్పని, నిన్ను దొంగను చూసినట్టు చూశానని చెప్పాను. ఆమె ఆయాసం తీర్చుకోవడానికి గోడ పట్టుకుని నిలబడింది.

"నేనే ఎక్కడో పారేసి మర్చిపోతున్నాననుకున్నానే. నాకు మతి పోతోందని భయపడ్డాను. అందుకే నీకు చూపించేదాన్ని, మింగానని ఒకరైనా చెబుతారని."

లాండ్రీకి ఒక్కదాన్నే వెళ్ళి యజమానికి అంతా చెప్పాను. ఆయన తల గోక్కుని, బల్ల ఖాళీగా ఉంచలేనని, ఈ రెండు నెలలూ ఆమెను కూర్చుని మడతలు వేయమని, చెయ్యి తిరిగితే బల్ల మళ్ళీ ఆమెదేనని అన్నాడు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య ఒక్కటే అడిగింది, చెక్కముక్కలు తీసేయొద్దని చెప్పావా అని. చెప్పానన్నాను. నిజానికి చెప్పలేదు, మర్నాడు మళ్ళీ వెళ్ళి చెప్పొచ్చాను.

ఆ రోజే తెల్లారగానే, థైరాయిడ్ మాత్ర ఒక్కటే అరచేతిలో పెట్టి నీళ్ళిచ్చాను. మింగింది. గ్లాసు తిరిగిచ్చి, ఏ కోపమూ లేకుండా, జరిగిందేదీ గుర్తు లేనట్టు నోరు తెరిచి నాలుక చాపింది. నేను సరే అనేదాకా అలాగే నిలబడింది.